పీపీ నంబరు

మొన్నమొన్నటి వరకు నా ఫోనుకు రోజుకు నాలుగైదు ఓటీపీలు వచ్చేవి. వాటిలో ఒక్కటీ నాది కాదు. ఒకరి గ్యాసు బండ, ఇంకొకరి రేషను కార్డు, మరొకరి మనవడి స్కూలు దరఖాస్తు, ఎవరిదో ఆసుపత్రి చీటీ. ముందు ఆరంకెలు వచ్చేవి, ఆ వెనకే ఫోను మోగేది. నంబరు వచ్చిందా అక్కా అని అడిగేవారు. రిటైరై ఇన్నేళ్లయినా ఇంకా ఆపరేటరు పనే చేస్తున్నానని నాలో నేను నవ్వుకునేదాన్ని. ఇప్పుడు ఫోను రోజంతా స్టూలు మీద నోరు మూసుకుని పడుంటుంది. ఎప్పుడైనా మోగినా ఇల్లు కొనమనో, బీమా చేయించుకోమనో చెప్పే రికార్డు గొంతు. ఒకసారి దాన్ని చివరిదాకా విన్నాను. ఆఖర్న ధన్యవాదాలు అంది. ఆ రోజు నాతో మాట్లాడింది అదొక్కటే.

ఇలా ఎందుకైందో చెప్పాలంటే నా ఉద్యోగం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

టెలిఫోన్ల శాఖలో ఆపరేటరుగా చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ట్రంకు బోర్డు ముందు వరసగా కూర్చునేవాళ్లం, చెవులకు హెడ్‌సెట్లు, చేతుల్లో తీగలు. ఒక ఊరి తీగ తెచ్చి ఇంకో ఊరి రంధ్రంలో గుచ్చితే ఇద్దరు మనుషులు మాట్లాడుకునేవారు. మధ్యలో ఒక కీ ఉండేది. ముందుకు నొక్కితే వాళ్ల మాటలు మనకు వినపడతాయి, వెనక్కి పెడితే వినపడవు. మా సూపర్‌వైజరు సన్నటి మనిషి, మొహాన నవ్వు ఎరగని మనిషి. మొదటి రోజే మా వెనక నిలబడి చెప్పింది. రెండు వైపులా హలో అన్నారా, కీ వెనక్కి. ఆపైన ఒక్క మాట విన్నా అది దొంగతనమే. ఆవిడ డ్యూటీ అంతా మా వెనక నడుస్తూనే ఉండేది. ఎవరి కీ ఎటు ఉందో వీపు చూసి కనిపెట్టేది.

వినేవాళ్లు లేకపోలేదు. భోజనాల గదిలో కొత్త ప్రేమల గురించి, పాత తగాదాల గురించి కథలు కథలుగా చెప్పేవాళ్లు. నేను వినలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, నాకున్న గొప్ప అదొక్కటే కాబట్టి చెబుతున్నాను. లైను మరీ పాడుగా ఉన్నప్పుడు మాత్రం వినక తప్పేది కాదు. ఇటు మాట అటు, అటు మాట ఇటు మేమే అందించాలి. ఒకసారి ఒక తమ్ముడు అన్నకు తల్లి పోయిందని చెప్పాలి. లైనంతా గరగర. అన్నకు ఒక్క ముక్క వినపడటం లేదు. చివరికి ఆ మాట నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది. తర్వాత అతను, నువ్వెవరమ్మా అని అడిగాడు. ఆపరేటర్ని అన్నాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. ఏమైందని అమ్మ ఎంత గుచ్చి గుచ్చి అడిగినా తలనొప్పి అనే చెప్పాను.

ఉద్యోగుల కోటాలో మా ఇంటికి ఫోను వచ్చింది. పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా గల్లీ మొత్తానికి అదొక్కటే. రెండు గదుల ఇల్లు, ముందు గదిలో స్టూలు, స్టూలు మీద నల్ల ఫోను, దానికి అమ్మ అల్లిన తెల్ల గుడ్డ. నెల తిరక్కుండా గల్లీలో పదకొండు ఇళ్లకు అదే నంబరైపోయింది. పెళ్లి పత్రికల మీద, ఉద్యోగాల దరఖాస్తుల్లో, కొత్తగా పెట్టిన కుట్టు దుకాణం బోర్డు మీద మా నంబరు రాసి పక్కన పీపీ అని పెట్టేవారు. అంటే ఫోను వీళ్లది కాదు, పక్కింటి వాళ్లది, పిలిస్తే వస్తారు అని అర్థం. మమ్మల్ని అడిగి రాసినవాళ్లు ముగ్గురో నలుగురో. అడగని వాళ్ల మీద నేను రుసరుసలాడితే, పోనీలే, మన గడప తొక్కితే మన కాళ్లేమైనా అరుగుతాయా అనేది అమ్మ.

అమ్మకు ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా ఫోనుకు వచ్చి రిసీవరు ఎత్తగానే ఆవిడ వంటింట్లోకి వెళ్లి గిన్నెలు చప్పుడు చేసేది. తోమిన గిన్నెలే మళ్లీ తోమేది, మూతలు తీసి మూతలు పెట్టేది. పని ఉండి కాదు. మన చెవులు ఇక్కడ లేవని వాళ్లకు తెలియాలి కదే అనేది. మాట్లాడేవాళ్లు ఆ చప్పుడు వింటూ కడుపులో ఉన్నదంతా చెప్పుకునేవారు, ఏడ్చేది ఉంటే ఏడ్చేవారు. అవతల రిసీవరు టక్కున పెట్టిన చప్పుడు వినగానే అమ్మ చేతులు ఆపి, కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చి, చాయ్ తాగి పో అనేది. ఏం మాట్లాడావని మాత్రం అడిగేది కాదు. ఎక్స్ఛేంజిలో నేను కీ వెనక్కి పెట్టినట్టే ఇంట్లో అమ్మ గిన్నెలు మోగించేది.

అమ్మ పోయి చాలా ఏళ్లైంది. నాకు పెళ్లి ఎందుకు కాలేదన్నది వేరే సంగతి, ఇక్కడ అక్కర్లేదు. బోర్డులు పోయాక నన్ను కౌంటరులో కూర్చోబెట్టారు, అక్కడే రిటైరయ్యాను. నల్ల ఫోను పోయి చేతి ఫోను వచ్చింది. నంబరు మారినా పీపీగానే మిగిలింది.

అదెలాగంటే, గల్లీ ఆడవాళ్లు ఏ కార్డుకు దరఖాస్తు పెట్టడానికి ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లినా అక్కడివాడు ఫోను నంబరు అడిగేవాడు. అప్పట్లో వాళ్ల ఇళ్లలో ఉన్నది ఒకటే ఫోను, అది మొగుడి జేబులో ఉండేది. ఆఫరు మారినప్పుడల్లా సిమ్ము మారేది. కాబట్టి ఎప్పటికీ మారని నంబరు, ఎప్పుడు పిలిచినా ఎత్తే మనిషి, నేనే. చిన్నప్పట్నుంచి నోటికి వచ్చిన మాటలాగా నా నంబరు చెప్పేసేవారు. అలా ఎవరి గ్యాసు, ఎవరి ఆసుపత్రి కార్డు, ఎవరి స్కూలు, అన్నీ నా చేతిలోకి వచ్చి పడ్డాయి.

దీని గురించి నాకొక అభిప్రాయం ఉంది, ఎవరూ అడగలేదు కానీ చెబుతాను. సంతకం రాని మనిషి వేలిముద్ర వేసినా ఆ వేలు ఆ మనిషిదే. ఈ ఓటీపీ అలా కాదు. ఫోను ఎవరి చేతిలో ఉంటే ఆ మనిషే అసలు మనిషని నమ్మేస్తుంది. కింద సన్నటి అక్షరాల్లో ఏదో ఉంటుంది, పక్కన ఒక చిన్న గడి, అంగీకరిస్తున్నాను అని. ఆ గడిలో టిక్కు పెట్టేది సెంటరువాడు. అంగీకరించింది ఎవరో, దేనికో దేవుడికే తెలియాలి. సొంత ఫోను, సొంత నంబరు, దానికో తాళం ఉన్నవాళ్లకే గుట్టు అనేది ఒకటుంటుంది. మిగతావాళ్ల గుట్టు పక్కింటి స్టూలు మీద ఉంటుంది. ఇది న్యాయమని నేను అనను. కానీ ఆ స్టూలు మాది అయినందుకు లోపల్లోపల మురిసిపోయేదాన్ని, అది దాచను.

తర్వాత గల్లీ ఖాళీ అయింది. ఒక్కొక్కరే ఊరి చివర జల్‌పల్లిలో చిన్న ప్లాట్లు చూసుకుని వెళ్లిపోయారు. మా ఎదురింటామె వెళ్లడం మాత్రం నాకు పెద్ద దెబ్బ. ప్రభుత్వాసుపత్రిలో ఆయా పని ఆమెది, నాకంటే పన్నెండేళ్లు చిన్నది, నోరారా అక్కా అనేది. ఆమె డ్యూటీకి వెళితే వాళ్లమ్మాయి నా దగ్గరే ఉండేది. ఆ పిల్లకు నేనే జడలు వేశాను, ఎక్కాలు చెప్పాను, అన్నం తినకుండా మారాం చేస్తే ఎక్స్ఛేంజి కథలు చెప్పి తినిపించాను. తీగలు, రంధ్రాలు, కీ, వెనక నడిచే సూపర్‌వైజరమ్మ. ఆ కథలు దానికి నాకంటే బాగా వచ్చు. పెద్దయ్యాక నయాపూల్ దగ్గర కోర్టు ఎదురుగా ఒక వకీలు ఆఫీసులో కంప్యూటర్ మీద కాగితాలు కొట్టే పనిలో చేరింది. జల్‌పల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. వారానికోసారి ఆఫీసు అయ్యాక మా ఇంటికి వచ్చి పెద్దమ్మా అంటూ చెప్పులు విడిచేది. వాళ్లు ఖాళీ చేసిన ఇంట్లో ఇప్పుడు ఇస్త్రీ దుకాణం ఉంది. ఇస్త్రీ భాయ్ మంచివాడే, పొద్దున్నే సలాం ఆపా అంటాడు, ఉర్దూలో అక్కా అన్నట్టు. అంతకు మించి మా మధ్య మాటలు లేవు.

జల్‌పల్లి వెళ్లినవాళ్లు నన్ను మర్చిపోలేదు, మర్చిపోవడానికి వీల్లేదు కాబట్టి. వాళ్ల ఓటీపీలు నా దగ్గరే ఉన్నాయి కదా. ఇక్కడ నేను చేసిన చిన్న మోసం ఒకటి ఒప్పుకోవాలి. ముందు నంబరు చెప్తే వాళ్లు వెంటనే ఫోను పెట్టేస్తారు. అది నాకు త్వరగానే తెలిసొచ్చింది. అందుకని, ఆగు కళ్లద్దాలు తెస్తా అనేదాన్ని. ముక్కు మీదే ఉండేవి. పిల్లలెట్లున్నారు, మోకాళ్ల నొప్పి తగ్గిందా, బోరులో నీళ్లొస్తున్నాయా, అన్నీ అడిగేదాన్ని. ఓటీపీకి పది నిమిషాల ఆయుష్షు ఉంటే అందులో ఎనిమిది నేను వాడుకునేదాన్ని. వాళ్లు అక్కడ గ్యాసు కౌంటరు ముందు నిలబడి, వెనకవాళ్ల చేత తిట్లు తింటూ నాకు జవాబులు చెప్పేవారు. పాపం అనిపించేది. మానలేకపోయాను. ఇంత పెద్ద ఊళ్లో నా గొంతు వినే అవసరం ఎవరికైనా ఉండేది ఆ పది నిమిషాలే.

ఈ ఏడాది ఎండలు ముదిరే ముందు, వారం వారం వచ్చే ఆ ఎదురింటి అమ్మాయి రావడం మానేసింది. ఒక వారం పోయింది, రెండు వారాలు పోయాయి. ఫోను చేస్తే పని మస్తుందని పొడిగా చెప్పి పెట్టేసింది. మూడో వారం ఒక పొద్దున గోంగూర వలుస్తుంటే మెసేజి వచ్చింది. ఆ అమ్మాయి పేరు, మీ రిపోర్టు తయారైంది, చూడటానికి ఇక్కడ నొక్కండి. దాని చిన్నప్పుడు జ్వరాలకు నేను తీసుకెళ్లిన ఆసుపత్రే. అప్పుడు తీసిన కార్డు, అప్పుడు రాయించిన నా నంబరు.

ఫోను పక్కన పెట్టి రెండు కట్టలు వలిచాను. మళ్లీ తీశాను. దాని ఆరోగ్యం గురించి ఫికర్ పడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఫికర్ ఉన్న మాట నిజమే. కానీ దానికంటే ముందు వచ్చింది వేరే, నాకు చెప్పలేదన్న ఉక్రోషం. జడలు వేసిన దాన్ని నేను, నాకు చెప్పకుండా ఆసుపత్రికి వెళుతుందా అన్న మంట. నొక్కాను. ఓటీపీ అడిగింది. అది కూడా నా ఫోనుకే వచ్చింది. ఆరంకెలు కొట్టాను. నన్ను ఆ అమ్మాయే అనుకుని తలుపు తెరిచింది. నా వెనక నడిచే సూపర్‌వైజరు లేదు.

రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. నాకు అర్థమైనంత వరకు, రొమ్ములో గడ్డ ఉంది, సూది గుచ్చి పరీక్ష చేయాలి. ఆ అమ్మాయి పిన్ని, అంటే ఎదురింటామె చెల్లెలు, ఇదే రోగంతో రెండేళ్ల కింద కన్ను మూసింది. పిల్లకు ఫోను చేశాను. ఆఫీసులో ఉందేమో, కట్ చేసింది. మళ్లీ చేశాను, మళ్లీ కట్ చేసింది.

సరిగ్గా అప్పుడే వాళ్లమ్మ నుంచి ఫోను వచ్చింది. గ్యాస్ నంబరు వచ్చిందా అక్కా అని. వచ్చింది. తెర మీద కనబడుతూనే ఉంది. చెప్పేస్తే పెట్టేస్తుంది. నేను ఎప్పట్లాగే పిల్ల ఎట్లుంది అని అడిగాను. బాగుంది అక్కా, దానికేమైతది అంది. ఆ మాటకు నా నోరు ఆగలేదు. బాగా లేదు అన్నాను. ఆ తర్వాత అన్నీ చెప్పేశాను. అవతల ఆమె కూలబడిన చప్పుడు వినపడింది. నాకు చదవరాదు అక్కా, గా కాగితం నాకు పంపు, మా డాక్టరమ్మకు చూపిస్త అని ఏడుస్తూ అడిగింది. పంపాను. ఆ రోజు గ్యాసు నంబరు చెప్పడం ఇద్దరం మరిచిపోయాం.

తర్వాత జరిగినదాంట్లో చెడ్డవాళ్లు ఎవరూ లేరు, అదే నాకు మింగుడు పడదు. కన్నతల్లి ఏం చేస్తుంది, ప్రార్థన చేయిస్తుంది. వాళ్ల చర్చిలో ఫోన్ల మీద ఒక ప్రార్థన గ్రూపు ఉంది. అందులో కూతురి పేరు పెట్టి, అందరూ మోకాళ్ల మీద ప్రార్థించండి అని గొంతు రికార్డు చేసి, రోగమేమిటో దేవుడికి సరిగ్గా తెలియాలన్నట్టు రిపోర్టు కూడా కలిపి పెట్టింది. గ్రూపులో వాళ్లు ఇంకా గట్టిగా ప్రార్థన జరగాలని తమ తమ గ్రూపులకు పంపారు. రెండు రోజులు తిరక్కుండా ఆ కాగితం నయాపూల్ చేరింది. వకీలు ఆఫీసు గుమాస్తా భార్య ఫోనులోకి వచ్చింది, ఆమె నుంచి గుమాస్తాకు, గుమాస్తా నుంచి వకీలుకు. ఆయన ఆ పిల్లను పిలిచి ఎంతో దయగా, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమ్మా అన్నాడట. సూది పరీక్షలో భయపడాల్సిందేమీ లేదని తేలింది. ఉత్త కొవ్వు గడ్డ. ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్లేసరికి దాని కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. ఏమీ లేదన్న రిపోర్టును మాత్రం ఎవరూ ఏ గ్రూపుకూ పంపలేదు.

ఇవన్నీ నాకు వాళ్లమ్మే చెప్పింది, ముక్కలు ముక్కలుగా. నన్ను ఒక్క మాట అనలేదు. అక్కా అనడం తగ్గించింది, అంతే. కానీ మాట ఊరికే ఉండదు కదా. నా ఫోనులోకి వచ్చినవి నేను చదువుతానని జల్‌పల్లిలో ఉన్న మా పాత గల్లీవాళ్లందరికీ తెలిసింది. ఇన్నేళ్లలో చదివింది ఆ ఒక్కటే. ఆ మాట ఎవరికని చెప్పుకోను, చెప్పినా ఎందుకు నమ్మాలి. ఒక్కొక్కరే నంబరు మార్చుకున్నారు. మార్చడానికి పాత నంబరుకు చివరిసారి ఒక ఓటీపీ వస్తుంది. ఫోను చేసి అడిగేవారు. అడిగిన వెంటనే చెప్పేదాన్ని. కళ్లద్దాలు తెస్తానని ఎవరితోనూ అనలేదు. వాళ్లు కూడా నా కొడుకు కొన్నాడక్కా కొత్త ఫోను అని ఏదో ఒక సాకు చెప్పి, నా పరువు కాపాడేవారు. ఒకామె మాత్రం నంబరు తీసుకున్నాక కాసేపు ఫోను పెట్టకుండా ఉంది. నేనూ ఉన్నాను.

అందరూ మార్చుకున్నారు, ఆ అమ్మాయి తప్ప. పొద్దున లేవగానే ఫోను తీసి చూసుకునేదాన్ని, మార్పు ఓటీపీ వచ్చిందా అని. రాలేదంటే నా మీద ఇంకా కాస్త ఏదో మిగిలి ఉన్నట్టే. కోపంగానైనా నా నంబరు దాని కార్డు మీద ఉంది కదా అనుకునేదాన్ని. సిగ్గులేని ఆశ. ఒంటరి మనిషికి సిగ్గు తక్కువే ఉంటుంది.

ఒక మధ్యాహ్నం తలుపు కొట్టారు. ఆ పిల్లే. చిక్కిపోయింది. గడప లోపలికి వచ్చింది కానీ చెప్పులు విడవలేదు. కూర్చో బిడ్డా, చాయ్ పెడతానన్నాను. వద్దంది. కుర్చీ అంచున కూర్చుంది. ఫోనులో కాదు, నా మొహం మీదే చెప్పి నంబరు మార్చుకోవాలని వచ్చానంది. అది దాని పెంపకం, అందులో నా పాలు కూడా కొంచెం ఉందని అంత బాధలోనూ నాకు అనిపించింది.

నెల రోజులుగా లోపల కూడబెట్టుకున్న మాట ఒకటుంది, అది అనేశాను.

"నీ మంచికే గదనే చేసిన."

"అమ్మ గూడ గదే అన్నది" అంది. గొంతు పెంచలేదు. "సార్ గూడ గదే అన్నడు, నీ మంచికే రెస్ట్ తీస్కో అని. అందరు నా మంచికే చేసిన్రు పెద్దమ్మా. నన్ను ఒక్కలు గూడ అడగలే."

నువ్వు నాకు చెప్పలేదు కదా అన్నాను. తప్పు చేసినదాని గొంతులో కూడా దెప్పిపొడుపు ఎలా వస్తుందో, నాకే ఆశ్చర్యం.

"చెప్పలే. పిన్నిని యాది చేస్కొని అమ్మ పరేషాన్ అయితదని ఎవ్వరికి చెప్పలే. సూది పరీక్ష అయినంక చెప్దామనుకున్న." కాసేపు స్టూలు మీది ఫోను వైపు చూసింది. "ఆసుపత్రిల అడిగిన్రు, పాత నంబరే ఉంచాల్నా, కొత్తది రాయాల్నా అని. నా ఫోను మా ఇంట్ల అందరి చేతులల్ల తిరుగుతది. నీ దగ్గరికి వస్తె ఎవ్వలు చూడరు అనుకున్న. గదే ఉంచమన్న. కీ వెనక్కి పెడ్తరని నువ్వే గద చెప్పినవ్ పెద్దమ్మా."

ఆ పిల్ల తన గుట్టును ఈ ఊరంతా వెతికి నా దగ్గర దాచుకుంది. పాత నంబరు మార్చడం మరిచిపోతే వచ్చిందని నేననుకున్న మెసేజిని తెలిసి తెలిసి నా దగ్గరికి రప్పించుకుంది. తప్పైంది బిడ్డా అన్నాను. ఇంకా ఏదో అనాలి. అంతకంటే పెద్ద మాట నాకు తెలియలేదు.

అది తలూపి తన ఫోనులో ఏదో నొక్కింది. స్టూలు మీద నా ఫోను గుర్రుమంది.

వచ్చింది. పది నిమిషాలు. చేతిలోకి తీసుకున్నాను. తిన్నావా, కొత్త పని దొరికిందా, సూది గుచ్చిన చోట నొప్పి తగ్గిందా, పక్కన ఎవరైనా ఉన్నారా ఆ రోజు, అన్నీ అడగాలని ఉంది. అడిగితే చెబుతుంది కూడా, మర్యాద తెలిసిన పిల్ల. కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. తెర వైపు చూడకుండా ఫోను దాని చేతిలో పెట్టాను.

"నువ్వే చూస్కో" అని వంటింట్లోకి వెళ్లాను.

ఒంటి మనిషి వంటకు ఎన్ని గిన్నెలుంటాయి, నాలుగు. చాలవని పై అరలోంచి అమ్మ గిన్నెలు కూడా దించాను, ఇత్తడివి, ఏళ్ల తరబడి ముట్టుకోనివి. మూతలు తీశాను, పెట్టాను. నీళ్లు వదిలి తోమాను. ఒకదాని మీద ఒకటి బోర్లించి మళ్లీ తీశాను. నా చెవులు ఇక్కడ లేవని దానికి తెలియాలి. నెల కింద తెలియాల్సింది ఇప్పుడు తెలిసి ఏం లాభమని ఏడుపొచ్చింది, ఏడుస్తూనే తోమాను. అమ్మకైతే రిసీవరు పెట్టిన చప్పుడు వినపడేది, చేతులు ఆపేది. ఈ ఫోనుకు అలాంటి చప్పుడు లేదు. ఎప్పుడు ఆపాలో నాకు తెలియలేదు. తొందరపడి ఆపితే వింటున్నాననుకుంటుందేమోనని చాలాసేపు ఆపలేదు.

బయటికి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఫోను స్టూలు మీద బోర్లా పెట్టి ఉంది, కింద అమ్మ అల్లిన గుడ్డ సర్ది ఉంది. తెరిచి చూస్తే తన మెసేజిలు మాత్రమే తీసేసుకుంది. మిగతావి ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

తలుపు తీసి గల్లీ చివరిదాకా చూశాను. ఎదురుగా ఇస్త్రీ భాయ్ పెట్టె పక్కన పెట్టి నా వైపు చూస్తున్నాడు.

"బిడ్డ గడపల నిలబడి రెండు సార్లు పెద్దమ్మా పెద్దమ్మా అని పిల్చింది ఆపా" అన్నాడు. "నువ్వు పలకకపోతివి. జర సేపు చూసి పోయింది. లోపల ఏందది గంత లొల్లి?"

గిన్నెలు తోముకుంటున్నానని చెప్పాను.